పిల్లల ల్యుకేమియా: చిగుళ్ళలో, దవడల్లో కనిపించే జాడలు

నాలుగేళ్ళ పాపకు కింది దవడలో వెనక పన్ను కదులుతోంది అనుకుందాం. పన్ను పుచ్చలేదు, దెబ్బ తగల్లేదు. దాని చుట్టూ చిగురు కాస్త ఉబ్బింది, వేలు తగిలితే రక్తం వస్తోంది, పది రోజులుగా సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు వెచ్చబడుతోంది. పాల పళ్ళే కదా, ఎలాగూ ఊడిపోయేవే అని ఇంట్లో పెద్దవాళ్ళు సర్దిచెబుతారు. అయితే పాల పళ్ళు ఊడడానికి ఒక వరుస, ఒక వయసు ఉన్నాయి. ఆరేళ్ళ ప్రాంతంలో కింది ముందు పళ్ళతో మొదలై, వెనక దవడ పళ్ళ వంతు వచ్చేసరికి బిడ్డకు తొమ్మిదేళ్ళు నిండుతాయి. నాలుగేళ్ళకే, ఏ దెబ్బా పుచ్చూ లేకుండా వెనక పన్ను కదిలిందంటే దాని కింద ఎముకలో ఏదో జరుగుతోందని అర్థం. ఆ ఏదో ఒకటి అరుదుగా ల్యుకేమియా, అంటే మనం బ్లడ్ క్యాన్సర్ అని పిలిచే జబ్బు, కావచ్చు.

చిగుళ్ళ నుంచి రక్తం వచ్చే పిల్లల్లో, పళ్ళు కదిలే పిల్లల్లో అత్యధికులకు ల్యుకేమియా ఉండదని మొదటే చెప్పాలి. పళ్ళపై పేరుకున్న పాచి, పుచ్చు, కొత్త పన్ను మొలవడం, వైరస్ పూత వంటివే నూటికి తొంభై తొమ్మిది సందర్భాల్లో కారణాలనుకున్నా పెద్ద పొరపాటు కాదు. అందుకే ఈ వ్యాసం లక్షణాల జాబితాను అందించి భయపెట్టడానికి రాస్తున్నది కాదు. ఒకే లక్షణం మామూలు కారణంతో వచ్చినప్పుడు ఎలా ఉంటుంది, మజ్జలో పుట్టిన జబ్బుతో వచ్చినప్పుడు ఎలా ఉంటుంది, ఆ తేడా శరీరంలో ఎక్కడి నుంచి వస్తుంది అన్నది విడమర్చుకుంటే, నోట్లో కనిపించేదానికీ దానికి మనం చెప్పుకుంటున్న కారణానికీ పొంతన కుదురుతోందా లేదా అన్నది తల్లిదండ్రులు కూడా గమనించగలరు.

ల్యుకేమియా పుట్టేది ఎముక మజ్జలో. మజ్జ మన రక్తకణాల కర్మాగారం. ఆక్సిజన్ మోసే ఎర్ర కణాలు, సూక్ష్మజీవులతో పోరాడే తెల్ల కణాలు, రక్తస్రావాన్ని ఆపే ప్లేట్‌లెట్లు మూడూ అక్కడే తయారవుతాయి. ఈ జబ్బులో తెల్ల కణంగా ఎదగవలసిన ఒక లేత కణం ఎదుగుదల మధ్యలోనే ఆగిపోయి, అదుపు లేకుండా తన వంటి కణాలనే పుట్టిస్తూ పోతుంది. వైద్యులు వీటిని బ్లాస్టులంటారు. పిల్లల్లో వచ్చే క్యాన్సర్లలో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది ల్యుకేమియానే, మొత్తంలో దాదాపు మూడో వంతు. అందులో నాలుగింట మూడు వంతులు అక్యూట్ లింఫోబ్లాస్టిక్ ల్యుకేమియా, అంటే ఏఎల్ఎల్. ఇది ఎక్కువగా 2 నుంచి 5 ఏళ్ళ మధ్య బయటపడుతుంది. మిగిలినవాటిలో ఎక్కువ భాగం అక్యూట్ మైలాయిడ్ ల్యుకేమియా, అంటే ఏఎంఎల్. ఈ రెండు పేర్లనూ గుర్తుపెట్టుకోవడం అవసరం, ఎందుకంటే నోట్లో ఇవి కనిపించే తీరు ఒకటి కాదు, ఆ తేడాను పట్టించుకోకపోవడం వల్లే చాలా గందరగోళం పుడుతుంది.

నోటి లక్షణాలన్నీ రెండు దారుల్లో వస్తాయి. మొదటిది లేమి. మజ్జంతా బ్లాస్టులతో నిండిపోవడంతో మామూలు కణాలు పుట్టడానికి చోటుండదు, కాబట్టి ఎర్ర కణాలు, పనికొచ్చే తెల్ల కణాలు, ప్లేట్‌లెట్లు తగ్గిపోతాయి. రెండోది చొరబాటు. బ్లాస్టులు మజ్జను దాటి రక్తంలోకి, అక్కడి నుంచి చిగుళ్ళలోకి, పంటి గుజ్జులోకి, నరాల చుట్టూ, లాలాజల గ్రంథుల్లోకి వెళ్ళి తిష్ఠ వేస్తాయి. లేదా దవడ ఎముకలోని మజ్జలోనే పెరిగి ఎముకను లోపలి నుంచి తినేస్తాయి. పాలిపోవడం, రక్తం కారడం, పుళ్ళు పడడం మొదటి దారివి. చిగుళ్ళ వాపు, పళ్ళు కదలడం, దవడ నొప్పి, పెదవి తిమ్మిరి రెండో దారివి. ఒకే బిడ్డలో రెండూ కలిసి రావచ్చు, తరచుగా అలాగే వస్తాయి.

లేమి వల్ల వచ్చే లక్షణాల్లో అన్నిటికన్నా సులువుగా చూడగలిగినదీ, అందరూ ఎక్కువగా వదిలేసేదీ పాలిపోవడం. చామనచాయ పిల్లల చర్మం మీద రక్తహీనత అంత తేలిగ్గా తెలియదు. కింది పెదవిని వెనక్కి తిప్పి లోపలి భాగాన్ని, నాలుకను, అంగిలిని పగటి వెలుతురులో చూస్తే తెలుస్తుంది. గులాబీ రంగులో ఉండాల్సిన చోటు మైనం రంగుకు తిరిగి ఉంటుంది. మన దగ్గర ఐరన్ లోపం వల్ల రక్తం తక్కువగా ఉండే పిల్లలు ఎందరో ఉన్నారు కాబట్టి పాలిపోవడం ఒక్కటే చూసి ఏదీ తేల్చలేం. అయితే ఐరన్ లోపం నెలల తరబడి మెల్లగా ముదురుతుంది. నిన్నమొన్నటి దాకా గెంతిన బిడ్డ రెండు మూడు వారాల్లో తెల్లబారి, మెట్లెక్కడానికి కూడా ఎత్తుకోమని అడుగుతుంటే అది వేరే సంగతి.

ప్లేట్‌లెట్లు సాధారణంగా మైక్రోలీటరు రక్తంలో లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల దాకా ఉంటాయి. అవి 20 వేల కన్నా దిగువకు పడిపోయినప్పుడు ఏ దెబ్బా తగలకుండానే రక్తం కారే ప్రమాదం బాగా పెరుగుతుంది. చిగుళ్ళు రోజంతా నమలడం, తోమడం వంటి ఒత్తిళ్ళకు లోనవుతాయి కాబట్టి ఆ లోటు ముందుగా అక్కడే బయటపడుతుంది. పాచి వల్ల వాచిన చిగురు బ్రష్ తగిలితేనే రక్తం కారుస్తుంది, ఆగమంటే ఆగుతుంది, పాచి ఎక్కువగా ఉన్నచోటే కారుతుంది. ప్లేట్‌లెట్ల లోటుతో వచ్చే రక్తం నిద్రలో కూడా ఊరి, పొద్దున్నే దిండు గలేబు మీద మరకగా, పళ్ళ సందుల్లో నల్లటి గడ్డలుగా కనిపిస్తుంది. దానితోపాటు అంగిలి మీద, బుగ్గల లోపల, పళ్ళ అంచులు ఒరుసుకునే నాలుక పక్కల గుండుసూది మొనంత ఎర్ర చుక్కలు పడతాయి. వాటిని వేలితో నొక్కినా రంగు మారదు. అలాంటివే కాళ్ళ మీద, మొలతాడు కట్టే చోట కూడా ఉన్నాయేమో చూడాలి.

ఇక్కడ తెలుగు రాష్ట్రాల్లో ఒక చిక్కు ఉంది. వానాకాలంలో జ్వరం, చిగుళ్ళ రక్తం, ప్లేట్‌లెట్లు తగ్గడం అనే మూడు మాటలు కలిసి వినబడగానే అందరి నోటా వచ్చేది డెంగీ. అది సహజమే, ఆ కాలంలో చాలాసార్లు నిజం కూడా. అయితే డెంగీకి ఒక గడియారం ఉంది. జ్వరం వారం లోపల తగ్గుతుంది, పడిపోయిన ప్లేట్‌లెట్లు ఆ తర్వాత కొద్ది రోజుల్లో వాటంతటవే పైకి లేస్తాయి, హిమోగ్లోబిన్ పెద్దగా తగ్గదు. రెండు వారాలు దాటినా కౌంట్ లేవకపోయినా, ప్లేట్‌లెట్లతోపాటు హిమోగ్లోబిన్ కూడా పడిపోతున్నా, మెడలో బిళ్ళలు కట్టినా, పొట్టలో కాలేయం, ప్లీహం చేతికి తగులుతున్నా డెంగీ అన్న మాటను పక్కన పెట్టి మళ్ళీ మొదటి నుంచి ఆలోచించవలసిందే. ఐటీపీ అనే మరో జబ్బులో కూడా ప్లేట్‌లెట్లు అడుగంటి నోట్లో రక్తపు బొబ్బలు వస్తాయి. ఆ పిల్లలకు ఒంటి మీద మచ్చలుండడం తప్ప మిగతా ఆరోగ్యం చక్కగా ఉంటుంది. జ్వరం ఉండదు, ఎముకల నొప్పులు ఉండవు, మిగతా రక్తకణాలు సరిగానే ఉంటాయి.

పుళ్ళ విషయం త్వరగా చెప్పుకోవచ్చు. న్యూట్రోఫిల్స్ అనే తెల్ల కణాలు బాగా తగ్గితే నోట్లో సూక్ష్మజీవులను నిలువరించేవాళ్ళు ఉండరు. మామూలు నోటిపూత చుట్టూ ఎర్రటి అంచు ఉంటుంది, వారం పది రోజుల్లో మానుతుంది. ఈ పుళ్ళు లోతుగా, బూడిదరంగు అడుగుతో, చుట్టూ ఎరుపు సరిగా లేకుండా ఉంటాయి. ఎరుపూ చీమూ పుట్టించేది కూడా తెల్ల కణాలే కాబట్టి, అవి లేనప్పుడు ఇన్‌ఫెక్షన్ పైకి చిన్నదిగా కనిపిస్తుంది, లోపల మాత్రం పాకిపోతుంటుంది.

ఇక చొరబాటు. పుస్తకాల్లో ల్యుకేమియా అనగానే ముద్రించే ఫొటో పళ్ళను సగం దాకా కప్పేసిన ఉబ్బిన చిగుళ్ళది. ఆ ఫొటో అబద్ధం కాదు, అయితే అది ఏఎంఎల్‌లో కొన్ని రకాలకు చెందినది, ముఖ్యంగా మోనోసైట్ అనే కణం వంశంలో పుట్టిన ల్యుకేమియాకు. మోనోసైట్ల సహజ గుణమే రక్తంలోంచి దిగి కణజాలంలోకి వెళ్ళి స్థిరపడడం. పళ్ళ చుట్టూ పాచి వల్ల ఎప్పుడూ కొద్దిపాటి వాపు ఉంటుంది. ఆ వాపు తెల్ల కణాలను రమ్మని పిలుస్తుంటుంది. ఆ పిలుపుకు క్యాన్సర్ మోనోసైట్లు కూడా గుంపులుగా వచ్చి చేరతాయి. అమెరికాలో 1983లో వెలువడిన ఒక పరిశీలన ఈ సంగతిని అంకెల్లో చూపింది. ల్యుకేమియా ఉన్న 1,076 మంది పెద్దవాళ్ళను చూస్తే, పళ్ళున్నవారిలో ఇలాంటి చిగుళ్ళ వాపు 3.6 శాతం మందికే ఉంది. అదే మోనోసైటిక్ రకంలో మాత్రం మూడింట రెండు వంతుల మందికి ఉంది. పళ్ళు లేని చిగుళ్ళకు ఈ వాపు దాదాపు రాదు, పంటికీ పాచికీ ఉన్న ఈ సంబంధమే అందుకు కారణమని చాలామంది వైద్యుల అభిప్రాయం. ఇవి పెద్దవాళ్ళ అంకెలు కాబట్టి పిల్లలకు యథాతథంగా వర్తించవు, అయినా ఏ రకం ల్యుకేమియా చిగుళ్ళను ఇష్టపడుతుందన్న విషయం పిల్లల్లోనూ ఇదే.

అందువల్ల ఒక విచిత్రమైన పరిస్థితి ఏర్పడింది. పిల్లల్లో ఎక్కువగా వచ్చే ఏఎల్ఎల్‌లో చిగుళ్ళు అంతగా ఉబ్బవు. దంతవైద్య విద్యార్థులు బట్టీపట్టే బొమ్మ పిల్లల్లో తక్కువగా వచ్చే రకానిది. ఆ బొమ్మ కోసమే ఎదురుచూసే కళ్ళు ఏఎల్ఎల్ చూపించే చిన్న గుర్తులను, అంటే పాలిపోయిన అంగిలిని, రెండు మూడు ఎర్ర చుక్కలను, రెండు పక్కలా పెరిగిన మెడ బిళ్ళలను, కారణం లేని దవడ నొప్పిని, దాటిపోతాయి. చిగుళ్ళు ఉబ్బలేదు కాబట్టి ల్యుకేమియా కాదనుకోవడం నా దృష్టిలో ఈ విషయంలో జరిగే అత్యంత ప్రమాదకరమైన తప్పు.

చిగుళ్ళు నిజంగా ఉబ్బినప్పుడు ఆ ఉబ్బుకు ఒక స్వభావం ఉంటుంది. పళ్ళ మధ్య మొనదేలి ఉండే భాగంలో మొదలై, మెత్తగా, నీరు పట్టినట్టు, మెరుస్తూ, నీలం కలిసిన ఎరుపులో ఉంటుంది. వారాల్లోనే పెరుగుతుంది. పాచి ఎంత ఉంది, వాపు ఎంత ఉంది అని పోల్చి చూస్తే లెక్క తేలదు. కొద్దిపాటి పాచికి ఇంత వాపు రాకూడదు. పళ్ళు శుభ్రం చేయించినా తగ్గదు. మూర్ఛకు వాడే ఫెనిటాయిన్ వల్ల కూడా చిగుళ్ళు పెరుగుతాయి, అయితే ఆ పెరుగుదల గట్టిగా, గులాబీ రంగులో, నెలల మీద వస్తుంది, రక్తం తక్కువగా కారుతుంది, మందు చీటీ చూస్తే కారణం దొరుకుతుంది. మూత్రపిండం మార్పిడి తర్వాత వాడే సైక్లోస్పోరిన్, బీపీకి వాడే నిఫెడిపిన్ జాతి మందులు కూడా అదే పని చేస్తాయి. యుక్తవయసులో హార్మోన్ల వల్ల వచ్చే వాపు పాచి తీయించి రెండు వారాలు సరిగ్గా తోముకుంటే చాలావరకు దిగుతుంది. సి విటమిన్ లోపం వల్ల వచ్చే స్కర్వీ మాత్రం ల్యుకేమియాను చాలా దగ్గరగా పోలి ఉంటుంది. చిగుళ్ళు ఊదా రంగుకు తిరిగి రక్తం కారతాయి, కాళ్ళు నొప్పులని బిడ్డ నడవదు. ఒకటి రెండు పదార్థాలు తప్ప వేరేవి ముట్టని పిల్లల్లో, ముఖ్యంగా ఆటిజం ఉన్న పిల్లల్లో, అది ఇప్పటికీ కనిపిస్తుంది. ఆ పిల్లలు ఏం తింటున్నారో ఓపికగా అడిగితేనే బయటపడుతుంది.

డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల గురించి విడిగా చెప్పాలి. వారికి ల్యుకేమియా వచ్చే అవకాశం మిగతా పిల్లలకన్నా 10 నుంచి 20 రెట్లు ఎక్కువ. వారికి చిన్న వయసులోనే చిగుళ్ళ జబ్బు రావడం, పళ్ళు కదలడం కూడా మామూలే. రెండూ ఒకే నోట్లో ఉండగలవు కాబట్టి, వీళ్ళకు చిగుళ్ళు ఎప్పుడూ ఇంతే అన్న మాటను అంత సులువుగా నమ్మకూడదు.

దవడ ఎముక సంగతి చిగుళ్ళకన్నా తక్కువగా మాట్లాడుకుంటారు, నిజానికి పిల్లల విషయంలో అది ఎక్కువ ఆసక్తికరం. పెద్దవాళ్ళలో రక్తం తయారుచేసే ఎర్ర మజ్జ కొన్ని ఎముకలకే పరిమితమైతే, చిన్న పిల్లల్లో అది దాదాపు ప్రతి ఎముకలోనూ, దవడలోనూ ఉంటుంది. పైగా పిల్లల దవడ ఖాళీ ఎముక కాదు. బయటికి కనిపించే పాల పళ్ళ కింద రాబోయే శాశ్వత దంతాల మొగ్గలు చిన్నచిన్న ఎముక గూళ్ళలో ఒదిగి ఉంటాయి. ప్రతి గూటికీ, ప్రతి పంటి వేరు చుట్టూ, సన్నని గట్టి ఎముక పొర ఒకటి ఉంటుంది. ఎక్స్‌రేలో అది తెల్లని గీతలా కనబడుతుంది. దంతవైద్యులు దీన్ని లామినా డ్యూరా అంటారు. దవడ మజ్జలో బ్లాస్టులు పెరిగినప్పుడు మొదట చెరిగిపోయేవి ఈ గీతలే. మొగ్గ గూటి అంచు మసకబారుతుంది, వేరుకూ ఎముకకూ మధ్య ఉన్న నల్లని సందు వెడల్పవుతుంది, వెనక దవడ పళ్ళ ప్రాంతంలో ఎముక పలచబడుతుంది. ఇంకా ముదిరితే మొగ్గ తన గూట్లోంచి పక్కకు జరుగుతుంది, పన్ను పట్టు తప్పి వదులవుతుంది. ఎముకలో ఖనిజం మూడో వంతు నుంచి సగం దాకా పోతే గాని మామూలు ఎక్స్‌రేలో తేడా స్పష్టంగా తెలియదు. కాబట్టి ఎక్స్‌రే బాగుందంటే ఎముకలో ఏమీ లేదని కాదు. చూసేటప్పుడు రెండు వైపులా పోల్చి చూడాలి. పుచ్చు వల్ల వచ్చే చీము ఒక పంటి వేరు కొసనే ఎముకను తింటుంది. ల్యుకేమియా ఒక్క పంటి దగ్గర ఆగదు, పుచ్చులేని పళ్ళ చుట్టూ, తరచుగా రెండు పక్కలా, అదే మార్పు కనిపిస్తుంది. అందువల్ల ఒక పంటికి తీసే చిన్న ఫిల్మ్ కన్నా రెండు దవడలనూ కలిపి చూపించే ఓపీజీ ఇక్కడ ఎక్కువ మాట్లాడుతుంది.

పుచ్చులేని పంటికి నొప్పి రావడం ఈ చొరబాటుకు మరో ముఖం. పంటి గుజ్జు గట్టి గోడల మధ్య బందీ అయిన చిన్న గది. అందులోకి కణాలు చేరి ఒత్తిడి పెరిగితే బయట ఏ రంధ్రం లేకపోయినా పన్ను పోటెత్తుతుంది. కింది పెదవికీ గడ్డానికీ స్పర్శనిచ్చే నరం దవడ లోపలి నుంచి వస్తుంది. ఆ నరం మీద కణాలు పేరుకుంటే గడ్డం ఒకవైపు మొద్దుబారుతుంది. చిన్న పిల్లలకు తిమ్మిరి అని చెప్పడం రాదు. తెలియకుండా పెదవి కొరుక్కోవడం, ఒక పక్క నుంచి చొంగ కారడం, ఆ వైపు నమలకపోవడం దాని గుర్తులు. దెబ్బ, పంటి చికిత్స వంటి కారణం ఏదీ లేకుండా గడ్డం మొద్దుబారితే అది నరాల బలహీనత అని విటమిన్ మాత్రలతో సరిపెట్టవలసిన విషయం కాదు.

దవడ వాపు వేగంగా పెరుగుతున్నప్పుడు ఒక పాత కథ గుర్తు చేసుకోవాలి. ఉగాండాలో పనిచేసిన శస్త్రవైద్యుడు డెనిస్ బర్కిట్ 1958లో ఆఫ్రికా పిల్లల దవడల్లో వచ్చే గడ్డల గురించి రాశారు. ఇప్పుడు దాన్ని బర్కిట్ లింఫోమా అంటున్నాం. ఆఫ్రికాలో వచ్చే రకానికి దవడ గడ్డలూ, వదులైన పళ్ళూ ప్రధాన ముఖం. అదే జాతి కణాలు మజ్జను నింపేస్తే దాన్ని బర్కిట్ ల్యుకేమియా అంటారు. ఈ రకం చాలా వేగంగా పెరుగుతుంది, రోజులు కూడా లెక్కలోకి వస్తాయి. ఏఎంఎల్‌లో కూడా కొన్నిసార్లు కణాలు ఒకచోట గడ్డకట్టి, కోసి చూస్తే ఆకుపచ్చ ఛాయలో కనిపిస్తాయి. అందుకే దానికి పూర్వం క్లోరోమా అని పేరు పెట్టారు. కంటి గూటిలో ఎక్కువగా, దవడల్లో అరుదుగా వస్తుంది.

ఇప్పుడు మొదట చెప్పుకున్న పాప దగ్గరికి వెళ్దాం. ఆమెకు జరగకూడనివి మూడు. కదిలే పన్ను వెంటనే పీకేయడం మొదటిది. ప్లేట్‌లెట్లు తక్కువగా ఉంటే రక్తం ఆగదు, న్యూట్రోఫిల్స్ తక్కువగా ఉంటే ఆ గుంట మానదు, అక్కడి నుంచి ఇన్‌ఫెక్షన్ రక్తంలోకి పాకవచ్చు. చాలామంది పిల్లల్లో జబ్బు బయటపడడానికి దారితీసినది పన్ను పీకిన తర్వాత ఆగని రక్తమేనని వైద్య గ్రంథాల్లో మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంది. యాంటీబయాటిక్‌లు ఒకదాని తర్వాత ఒకటి మార్చుతూ వారాలు గడపడం రెండోది. మూడోది అన్నిటికన్నా హానికరం, దాన్ని గురించి మన ఊళ్ళలో తగినంత ఎవరూ చెప్పడం లేదు. నోటి పుళ్ళకనో, మెడ బిళ్ళలకనో, కీళ్ళ నొప్పులకనో, తగ్గని జ్వరానికనో స్టెరాయిడ్ ఇంజెక్షనో మాత్రలో ఇచ్చేస్తారు. ప్రెడ్నిసోలోన్, డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్లు ఏఎల్ఎల్ కణాలను చంపే మందులు కూడా. అసలు చికిత్సలో అవి మొదటి వరుసలో ఉంటాయి. ముందుగా, ఒంటరిగా, కొద్ది మోతాదులో ఇచ్చినప్పుడు జ్వరం దిగుతుంది, బిళ్ళలు కరుగుతాయి, బిడ్డ తేరుకుంటుంది, డాక్టరు మంచివాడని ఇంటివాళ్ళు సంతోషిస్తారు. జబ్బు మాత్రం పోదు, దాక్కుంటుంది. తర్వాత మజ్జ పరీక్ష చేసినా స్పష్టత రాకపోవచ్చు, ప్రమాద స్థాయిని అంచనా వేయడం కష్టమవుతుంది. రక్త పరీక్ష లేకుండా పిల్లలకు స్టెరాయిడ్ ఇవ్వడాన్ని తల్లిదండ్రులు అడ్డుకుని, ఎందుకు అని అడగాలి.

చేయవలసినది చాలా చిన్నది. సీబీపీ, అంటే రక్తకణాలన్నిటినీ లెక్కించే పరీక్ష, దానితోపాటు స్మియర్, అంటే రక్తపు చుక్కను గాజు పలక మీద పూసి మైక్రోస్కోపులో చూడడం. కొన్ని వందల రూపాయల్లో, మండల కేంద్రంలో కూడా జరిగే పరీక్ష. దీని ఫలితాన్ని చదవడంలో ఒక అపోహను తీసేయాలి. బ్లడ్ క్యాన్సర్ అంటే తెల్ల కణాలు లక్షల్లో ఉండాలనుకుంటారు. అలా ఉండవచ్చు, మామూలుగానూ ఉండవచ్చు, తక్కువగానూ ఉండవచ్చు. ఏఎల్ఎల్ పిల్లల్లో దాదాపు సగం మందికి మొదటి రోజు తెల్ల కణాలు 10 వేల లోపే ఉంటాయి. హిమోగ్లోబిన్, ప్లేట్‌లెట్లు, న్యూట్రోఫిల్స్ అనే మూడింటిలో రెండైనా ఒకేసారి తగ్గాయా అన్నది మొత్తం కౌంట్ కన్నా ముఖ్యమైన ప్రశ్న. యంత్రం ఇచ్చిన అంకెలతో ఆగకుండా, స్మియర్‌ను అనుభవం ఉన్న పాథాలజిస్టు కంటితో చూడాలి, ఎందుకంటే యంత్రం బ్లాస్టులను మామూలు లింఫోసైట్లుగా లెక్కేసే అవకాశం ఉంది. చిగురు ముక్క తీసి బయాప్సీకి పంపడం మొదటి అడుగు కానే కాదు. రక్తంలో అనుమానం కలిగితే నిర్ధారణ మజ్జ పరీక్షతో, కణాల మీది గుర్తులను బట్టి వాటి రకాన్ని తేల్చే ఫ్లో సైటోమెట్రీతో జరుగుతుంది. హైదరాబాద్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి వంటి చోట్ల ఇవి అందుబాటులో ఉన్నాయి, ఆరోగ్యశ్రీ పేరుతో మొదలైన పథకాల కింద రెండు రాష్ట్రాల్లోనూ క్యాన్సర్ చికిత్సకు సాయం ఉంది.

చికిత్స మొదలైన తర్వాత నోరు చెప్పే మాటలకు అర్థం మారిపోతుంది. ఏఎంఎల్‌లో ఉబ్బిన చిగుళ్ళు కీమోథెరపీకి స్పందించి కొద్ది వారాల్లో దిగుతాయి, ఏ దంత చికిత్సా లేకుండానే. అదే సమయంలో కొత్త లక్షణాలు వస్తాయి. ఏఎల్ఎల్‌కు వాడే విన్‌క్రిస్టిన్ అనే మందు నరాలను తాకుతుంది కాబట్టి మొదటి డోసు తర్వాత కొద్ది రోజుల్లో దవడ నొప్పి తెప్పించగలదు. బిడ్డ దవడ పట్టుకుని ఏడుస్తుంటే జబ్బు మళ్ళీ వచ్చిందని ఇంటివాళ్ళు హడలిపోతారు. చాలాసార్లు అది మందు వల్ల వచ్చినది, కొద్ది రోజుల్లో తగ్గేది.

ఏఎల్ఎల్ చికిత్సలో వాడే మరో మందు మెథోట్రెక్సేట్. దాని వల్ల వచ్చే నోటి పుళ్ళకు తెలుగువాళ్ళతో ఒక సంబంధం ఉంది. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాల బృందం ఫోలిక్ ఆమ్లాన్నీ, దాని పనిని అడ్డుకునే మందులనూ తయారుచేసింది. వాటిలో ఒకటైన అమినాప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ ల్యుకేమియా పిల్లలకు ఇచ్చి 1948 జూన్‌లో ఫలితాలు ప్రకటించారు. 16 మంది పిల్లల్లో 10 మంది కొంతకాలం తేరుకున్నారు. అప్పటిదాకా ఈ జబ్బుకు అలాంటిదే లేదు. సుబ్బారావు ఆ ఏడాది ఆగస్టులోనే కన్నుమూశారు. మెథోట్రెక్సేట్ ఆ మందుకు తోబుట్టువు. వేగంగా విభజించే కణాలకు ఫోలిక్ ఆమ్లం కావాలి; దాన్ని అడ్డుకుంటే బ్లాస్టులు చస్తాయి. నోటి లోపలి పొర కూడా వేగంగా విభజించే కణాలతోనే అల్లుకున్నది కాబట్టి దానికీ అదే దెబ్బ తగులుతుంది. ఫార్బర్ నివేదికలోనే నోటి పుళ్ళ ప్రస్తావన ఉంది. ఎక్కువ మోతాదులో మెథోట్రెక్సేట్ ఇచ్చినప్పుడు ల్యూకోవోరిన్ అనే మందును గంటల లెక్కన ఇవ్వడం ఆ పొరను, మిగతా అవయవాలను కాపాడడానికే.

చికిత్స జరిగే రోజుల్లో బిడ్డ నోరు శుభ్రంగా ఉంచడం సగం వైద్యం. ప్లేట్‌లెట్లు తక్కువగా ఉన్నప్పుడు బ్రష్ మానేయమని చెప్పే అలవాటు ఉండేది. ఇప్పుడు పిల్లల దంతవైద్య సంఘాల సూచన అది కాదు. కౌంట్ ఎంత ఉన్నా బాగా మెత్తని బ్రష్‌తో మృదువుగా తోముతూనే ఉండాలంటారు, ఎందుకంటే పాచి పేరుకుంటే వాపు పెరిగి రక్తం ఇంకా ఎక్కువగా కారుతుంది. వేపపుల్ల, ఉప్పు, బొగ్గు, గరుకు పళ్ళపొడి మాత్రం ఆ కాలంలో వద్దు. న్యూట్రోఫిల్స్ 500 కన్నా తక్కువగా ఉన్న బిడ్డకు జ్వరం వస్తే పంటి దగ్గర వాపు ఉన్నా లేకపోయినా గంటలోపల ఆసుపత్రికి బయలుదేరాలి.

మంచి వైద్యం అందే చోట నేడు ఏఎల్ఎల్ పిల్లల్లో పదిమందికి దాదాపు తొమ్మిది మంది బతికి బయటపడుతున్నారు. అలా బయటపడిన పిల్లల దవడల్లో చికిత్స తన గుర్తులను వదిలి వెళ్తుంది. ఐదారేళ్ళ లోపు కీమోథెరపీ పొందిన బిడ్డలో అప్పుడు దవడ లోపల తయారవుతున్న దంతాల మొగ్గలు దెబ్బతింటాయి. కొన్ని శాశ్వత దంతాలు అసలు రావు, కొన్ని బాగా చిన్నవిగా వస్తాయి, పైపొర గుంటలు పడుతుంది, వేర్లు పొట్టిగా, కొసదేలి ఉంటాయి. పన్నెండేళ్ళ వయసులో ఆ పిల్ల వంకర పళ్ళకు క్లిప్పులు వేయించుకోవడానికి వస్తుంది. పైకి చూస్తే పళ్ళు మామూలుగానే ఉంటాయి, మూడేళ్ళప్పుడు జరిగిన చికిత్స గురించి చెప్పవలసిన పని ఏముందని తల్లి ఊరుకుంటుంది. పొట్టి వేర్లున్న పళ్ళను మామూలు బలంతో లాగితే ఆ వేర్లు ఇంకా కరిగి పన్నే పోవచ్చు. క్లిప్పు వేసే ముందు ఓపీజీ తీయించి, చిన్నప్పుడు పెద్ద జబ్బేమైనా చేసిందా అని డాక్టరు అడగాలి. అడగకపోయినా పాత కీమోథెరపీ కాగితాలను తల్లి ఆ బల్ల మీద పెట్టాలి.